సీసం బరువు జీనులో ఎక్కడ పెట్టాలి? 80 కి.మీ. ఎండ్యూరెన్స్ (గుర్రం మీద దూరప్రయాణం) పోటీకి 14 కిలోలు తక్కువ పడుతున్నాను

కృష్ణకరకట్ట
నవంబర్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తాడేపల్లి. ఫిబ్రవరి మొదట్లో మొదటిసారి 80 కి.మీ. పోటీకి దిగుతున్నాను. ఇదివరకు చేసిన 20, 40 కి.మీ. రైడ్లలో బరువు గొడవ లేదు. ఈసారి షెడ్యూల్లో రైడరూ జీనూ కలిపి కనీసం 70 కిలోలు ఉండాలని రాశారు.

బట్టలు, బూట్లతో నేను 49 కిలోలు. జీను, తంగు (పొట్ట కింద బిగించే పట్టీ), రికాబులు (పాదాలు పెట్టే కడియాలు), మెత్త అన్నీ కలిపి 7 కిలోలు. మొత్తం 56. అంటే ఇంకా 14 కిలోలు కావాలి. మా గుర్రం కాఠియావాడీ జాతి క్రాస్, తొమ్మిదేళ్ల ఆడగుర్రం. బరువు అంచనా వేసే టేపుతో కొలిస్తే సుమారు 350 కిలోలు వచ్చింది.

కృష్ణలో ఇసుకకు కొదవ లేదు కదా, రెండు గుడ్డ సంచుల్లో ఇసుక నింపి జీను వెనక చెరోవైపు కట్టేద్దామనుకున్నాను. నిన్న కరకట్ట మీద అలాగే కట్టి ఉండవల్లి నుంచి పెనుమాక దాకా వెళ్లొచ్చాను. నడకలో బాగానే ఉంది. ట్రాట్‌లోకి (నడకకూ దౌడుకూ మధ్య ఉండే పరుగు) వెళ్లేసరికి తోక విసరడం, చెవులు వెనక్కి పెట్టడం మొదలెట్టింది. నేను దాని మీద స్వారీ చేస్తున్న ఈ తొమ్మిది నెలల్లో ఒక్కసారి కూడా అలా చేయలేదు. దిగి వెంటనే సంచులు విప్పేశాను.

ఇది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పతకం రాకపోయినా పరవాలేదు. దాని వీపు మాత్రం పాడు కాకూడదు.


అరండల్‌పేట_రైడర్
నవంబర్ 12, రాత్రి 10:15

చెల్లెమ్మా, సంచులు విప్పేసి మంచి పని చేశావు. నేను చేసిన తప్పు చెబుతాను, నువ్వు చేయకు.

మూడేళ్ల కిందట నాకు 9 కిలోలు తక్కువ పడింది. బజార్లో ఐదేసి లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు కొని జీను వెనక కట్టాను. దారిలో దాహమేస్తే తాగొచ్చు, బరువూ సరిపోతుంది అని నా లెక్క. మొదటి లూప్ (చుట్టు) 30 కి.మీ. అయ్యేసరికి నేను తాగింది కొంత, గుర్రం మెడ మీద పోసింది కొంత, మూత దగ్గర కారింది కొంత. కాటా ఎక్కితే రెండు కిలోల ముప్పావు తక్కువ. అక్కడితో నన్ను ఆపేశారు. అది నాకు తగిన శాస్తే అనుకున్నాను.

తర్వాత జీను దించి చూస్తే గుండె గుభేలుమంది. నడుము మీద రెండు పక్కలా అరచేయంత మేర ఉబ్బు. చేయి వేస్తే గుర్రం వీపు కిందికి వంచేస్తోంది. పాపం ఆరు వారాలు దాని మీద జీను వేయలేదు. సగం ఖాళీ అయిన డబ్బాలో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటాయి, ప్రతి అడుగుకీ నడుము మీద సుత్తితో కొట్టినట్టే. నాకది ముందు తట్టలేదు.


రైవస్‌కాలువ
నవంబర్ 12, రాత్రి 10:52

అసలు ఈ నిబంధనే నాకు నచ్చదు. తేలికైన రైడర్ ఉండటం గుర్రానికి అదృష్టం. ఆ అదృష్టాన్ని లాక్కుని 14 కిలోల సీసం వీపు మీదికి ఎక్కించడం ఏం న్యాయం? పోటీ న్యాయంగా ఉండాలంటే దూరమో వేగమో చూడాలి గానీ, గుర్రం మోయాల్సింది పెంచడం ఏమిటి? నేనైతే కనీస బరువు లేని పోటీలకే వెళ్తాను.


తూకం_చూసేవాడు
నవంబర్ 13, ఉదయం 6:20

నేను పోటీల్లో కాటా దగ్గర వాలంటీర్‌గా నిలబడతాను. రైవస్‌కాలువ గారి బాధ అర్థమవుతోంది. అయితే రెండో వైపు కూడా చూడాలి. కనీస బరువు లేకపోతే యజమానులు ఏం చేస్తారు? రైడర్ ఎంత తేలికైతే గుర్రం అంత వేగంగా పోతుంది కాబట్టి వీలైనంత చిన్నపిల్లల్ని, బక్కచిక్కినవాళ్లని వెతికి ఎక్కిస్తారు. ఉన్న రైడర్లు తిండి మానేసి బరువు తగ్గుతారు. ఈ నిబంధన గుర్రాన్ని కాపాడినా కాపాడకపోయినా మనుషుల్ని మాత్రం కాపాడుతోంది.

లెక్కలు ఊరూరికీ వేరు. ఎఫ్ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) సీనియర్ చాంపియన్‌షిప్‌లలో చాలాకాలంగా 75 కిలోలు. అమెరికాలో ఏఈఆర్‌సీ (అక్కడి ఎండ్యూరెన్స్ రైడ్ల సంఘం) వాళ్ల పద్ధతి వేరు. అక్కడ బరువును బట్టి రైడర్లను నాలుగు తరగతులు చేస్తారు. జీనుతో కలిపి 160 పౌండ్ల లోపు, అంటే సుమారు 72 కిలోలన్నర లోపు ఉన్నవాళ్లు ఫెదర్‌వెయిట్. తేలికైనవాళ్లు తేలికైనవాళ్లతోనే పోటీ పడతారు, సీసం అక్కర్లేదు. నా వరకు నాకు ఆ పద్ధతే మేలనిపిస్తుంది. కానీ ఈ అమ్మాయి దిగుతున్న పోటీలో 70 అని రాశారు కాబట్టి మనం 70కే దారి చూడాలి.

కరకట్ట గారూ, ముందు ఒక పని చేయండి. కాటా మీద ఏది కలుపుతారు, ఏది కలపరు అన్నది టెక్నికల్ డెలిగేట్‌కి (పోటీలో నిబంధనలు చూసే అధికారి) మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. హెల్మెట్, కళ్లెం, నీళ్ల సీసాల విషయంలో పోటీ రోజు పొద్దున్నే జరిగే గొడవలు అన్నీ ఇన్నీ కావు. ఇంకో సంగతి. తూకం మొదట్లో ఒక్కసారే అనుకోకండి. మధ్యలో ఏ వెట్ గేట్ (లూప్ అయ్యాక పశువైద్యులు గుర్రాన్ని పరీక్షించే చోటు) దగ్గరైనా తూచవచ్చు, ఆఖర్న తప్పకుండా తూస్తారు.


డాక్టర్_తెనాలి
నవంబర్ 13, మధ్యాహ్నం 2:05

నేను పశువైద్యురాలిని. ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా గేదెలే అయినా, గుర్రాల మీద ఇష్టంతో వెట్ గేట్ల దగ్గర పనిచేశాను.

బరువు సంగతి ముందు. గుర్రం బరువులో ఐదో వంతు, అంటే 20 శాతం దాకా మోయించవచ్చని పాత అశ్వదళాల కాలం నుంచి ఒక లెక్క ఉంది. 2008లో అమెరికాలో ఎనిమిది గుర్రాల మీద ఈ లెక్కను పరీక్షించారు. వాటి బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున మోయించి ముప్పావు గంట సేపు పని చేయించారు. 25, 30 శాతం దగ్గర గుండె వేగం స్పష్టంగా పెరిగింది, కండరాల నొప్పి, బిగుతు కూడా ఎక్కువ కనిపించాయి. నడుము వెడల్పుగా, ముందుకాలి మోకాలి కింది ఎముక లావుగా ఉన్న గుర్రాలకు ఆ నొప్పి తక్కువగా ఉంది. మీ గుర్రం 350 కిలోలు, మోయాల్సింది 70. అంటే సరిగ్గా 20 శాతం. హద్దు మీద ఉన్నారు, దాటలేదు. ఆ పరీక్ష ముప్పావు గంటదే, మీరు చేయబోయేది 80 కిలోమీటర్లు. అది మరచిపోకూడదు.

ఇంకొక మాట ధైర్యం చెప్పడానికి. 1990ల మధ్యలో కాలిఫోర్నియాలో నూరు మైళ్ల టెవిస్ రైడ్‌లో పాల్గొన్న గుర్రాలను కొలిచి చూశారు. రైడర్ బరువుకీ రైడ్ పూర్తి చేయడానికీ పెద్ద సంబంధం కనపడలేదు. గుర్రం ఒంట్లో పుష్టి ఎంత ఉందన్న దానికి మాత్రం గట్టి సంబంధం ఉంది. బక్కచిక్కిన గుర్రాలు మధ్యలోనే ఆగిపోయాయి. కాబట్టి ఈ రెండు నెలలు దాని దాణా మీద, పక్కటెముకల మీద చేయి వేసి చూడటం మీద శ్రద్ధ పెట్టండి. ఎముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు.

ఇక తోక ఎందుకు విసిరిందంటే, మీ సంచులు నడుము మీద పడ్డాయి. జీను వెనక భాగానికి కింద పక్కటెముకల ఆసరా అయిపోతుంది. ఆ వెనక ఉన్నది వెన్నెముక, దాని పక్క కండరం, అంతే. అక్కడ బరువు పెడితే మూపు దగ్గర పెట్టినదాని కంటే ఎక్కువ బాధ. ఇసుక తడిస్తే బరువెక్కుతుంది, ఆరితే తగ్గుతుంది, సంచిలో ఒక మూలకు జారుతుంది. దాన్ని వదిలేయండి.


జట్కా_మనవడు
నవంబర్ 13, రాత్రి 8:30

డాక్టర్ గారు చెప్పింది చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన విజయవాడలో జట్కా తోలేవాడు. రైల్వేస్టేషన్ నుంచి గవర్నర్‌పేట, వన్‌టౌన్ బేరాలు. ఎనభై ఆరేళ్లు ఇప్పుడు, చూపు తగ్గింది గానీ గుర్రం మాటెత్తితే లేచి కూర్చుంటాడు. ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను.

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. "జట్కా ఎక్కగానే ముందుకు జరగండమ్మా, వెనక్కి జరగండయ్యా అని అరిచేవాళ్లం ఎందుకనుకున్నావు? జనం ముందుకు కూర్చుంటే నొగలు గుర్రం వీపు మీద దిగబడతాయి. వెనక్కి కూర్చుంటే నొగలు పైకి లేస్తాయి, పొట్ట కింది పట్టీ గుర్రాన్ని పైకి లాగుతుంది, ఊపిరి అందదు. నలుగురెక్కినా ఆరుగురెక్కినా గుర్రానికి తేడా అంతగా తెలియదు. ఎక్కడ కూర్చున్నారన్నదే దానికి తెలుస్తుంది. నొగ కింద రెండు వేళ్లు పెడితే ఆడాలి. అలా ఆడితే బండి సరిగ్గా ఉన్నట్టు."

కరకట్ట గారూ, ఎప్పుడైనా ఆదివారం పొద్దున గుర్రాన్ని చూడటానికి తాతయ్యను తీసుకురమ్మంటారా? అడగమని అప్పట్నుంచీ నన్ను పోరుతున్నాడు.


కృష్ణకరకట్ట
నవంబర్ 13, రాత్రి 9:10

తప్పకుండా తీసుకురండి అన్నా. ఎండెక్కకముందే వస్తే మంచిది, ఆరింటికి. తాతయ్యగారికి కుర్చీ వేసి ఉంచుతాను.

అరండల్‌పేట అన్నా, మీ గుర్రం సంగతి చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు బాగుందా?


అరండల్‌పేట_రైడర్
నవంబర్ 13, రాత్రి 9:32

బాగుందమ్మా. ఉబ్బిన చోట తెల్ల వెంట్రుకలు వచ్చాయి, రెండు మచ్చలు. రోజూ మాలీష్ చేసేటప్పుడు అవి కనపడతాయి.


మలక్‌పేట_జీనుపని
నవంబర్ 14, ఉదయం 11:00

ముప్పై ఏళ్లు హైదరాబాద్ రేసుల దగ్గర జీనులు బాగు చేశాను. ఇప్పుడు గుంటూరులో కూతురి దగ్గర ఉంటున్నాను. సీసం పని నాకు అన్నం పెట్టిన పని. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రేసుల్లో ప్రతి గుర్రానికీ ఇంత బరువు మోయాలని ముందే నిర్ణయిస్తారు. జాకీ తేలికైతే మిగిలింది సీసంతో నింపుతారు. దానికి జేబులున్న ఒక గుడ్డ ఉంటుంది, జీను కింద వేస్తారు. అయితే రేసు రెండు నిమిషాల్లో అయిపోతుంది. మీరు ఆ గుడ్డను ఉన్నదున్నట్టు తెచ్చుకుని ఆరేడు గంటలు వేస్తే వీపు పుండవుతుంది. మార్చి కుట్టాలి.

సీసమే ఎందుకంటే, పది కిలోల ఇసుక ఆరు లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పది కిలోల సీసం లీటరు లోపే ఇమిడిపోతుంది. చోటు తక్కువైతే కదలడం తక్కువ, కదలడం తక్కువైతే ఒరుపు తక్కువ. వలలకు కట్టే సీసం గుళ్లు కొనకండి. గుండ్రంగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. రేకు కావాలి. ఎక్స్‌రే గదుల గోడల్లో వేసే సీసం రేకు ఉంటుంది, మూడు మిల్లీమీటర్ల మందం. పన్నెండు సెంటీమీటర్ల చదరంగా కోయిస్తే ముక్క ఒక్కోటి దాదాపు అర కిలో వస్తుంది. మూలలు గుండ్రంగా రాయించండి. ఒక్కో ముక్కను రెగ్జిన్‌లో పెట్టి నాలుగు వైపులా కుట్టేయండి. సీసం విషం, గుర్రం నాకకూడదు, మీ చేతికీ అంటకూడదు. ఇంట్లో కరిగించి పోద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ పొగ పీలిస్తే ప్రమాదం. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతి. సీసం కొనేముందు జీను మార్చుకో తల్లీ. నీది ఏడు కిలోల తేలిక జీను. దాని బదులు వెడల్పు మెత్తలున్న బరువు జీను వేస్తే ఆ బరువు ఊరికే పోదు, నీ బరువుని ఎక్కువ మేర పంచుతుంది. నా దగ్గర పాత మిలిటరీ పద్ధతి జీను ఒకటుంది, తంగు, రికాబులతో కాటా మీద 11 కిలోలు తూగింది. నాలుగు కిలోలు అక్కడే తీరతాయి. మీ గుర్రానికి సరిపోతే వాడుకో, డబ్బు అక్కర్లేదు. సరిపోకపోతే మాత్రం బరువు కోసమని బలవంతాన వేయకు.

జేబులు ఎక్కడ: జీను మెత్తల కింద ఒక్క ముక్క కూడా ఉండకూడదు. మెత్త దిగిన తర్వాత, పక్కలకు వేలాడే గుడ్డలో కుట్టాలి. నీ తొడ పడే చోటుకు కొంచెం ముందు, తంగు గీతకు దగ్గరగా. మరీ ముందుకు పోతే భుజం ఎముక ఆడేటప్పుడు కొట్టుకుంటుంది. గుర్రం ముందుకాలు పట్టి ముందుకు లాగి, భుజం ఎముక ఎంత వెనక్కి వస్తోందో చేత్తో చూసి, అక్కడి నుంచి నాలుగు వేళ్లు వదిలి గీత గీయి. ఆ గీత వెనకే కుట్టు.


రైవస్‌కాలువ
నవంబర్ 14, మధ్యాహ్నం 12:40

బాబాయ్ గారూ, ఒక సందేహం. బరువు గుర్రానికి కట్టే బదులు రైడరే సీసం జాకెట్ వేసుకుంటే? రైడర్ మోకాళ్లు, మడమలు స్ప్రింగుల్లా పనిచేస్తాయి కదా. ట్రాట్‌లో కూర్చుండిపోయినప్పుడు గుర్రం వీపు మీద పడే దెబ్బ ఎక్కువ, లేచి కూర్చుంటుంటే కొంత తక్కువ, రికాబుల మీద నిలబడి వంగితే ఇంకా తక్కువ. కొలిచి చూసినవాళ్లు చెప్పిన మాటే ఇది. జీనుకు కట్టిన సీసానికి మోకాళ్లు లేవు. మనిషి ఒంటి మీద ఉంటే ఆ బరువుకీ మోకాళ్లు వచ్చినట్టే.


డాక్టర్_తెనాలి
నవంబర్ 14, మధ్యాహ్నం 3:15

గుర్రం వైపు నుంచి చూస్తే మీ ఆలోచన సరైనదే. రైడర్ వైపు నుంచి చూస్తే వద్దంటాను. 49 కిలోల అమ్మాయి పది కిలోలు ఛాతీకి కట్టుకుని నాలుగు గంటలు రికాబుల మీద నిలబడలేదు. యాభయ్యో కిలోమీటరుకు తొడలు వణుకుతాయి, అప్పుడు మూటలా కూలబడుతుంది. అలసిన రైడర్ కంటే గుర్రానికి బరువైనది ఇంకోటి లేదు. పైగా పడితే, ఆ సీసంతో పాటే పడుతుంది. పక్కటెముకలు, వెన్ను, మెడ అన్నీ ప్రమాదంలో పడతాయి. మన వాతావరణంలో ఛాతీకి గాలి ఆడకుండా బిగించుకోవడం ఇంకొక తప్పు.


రైవస్‌కాలువ
నవంబర్ 14, మధ్యాహ్నం 3:40

పడటం సంగతి నేను ఆలోచించలేదు డాక్టర్ గారూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిబంధన మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.


తూకం_చూసేవాడు
నవంబర్ 14, సాయంత్రం 6:50

కరకట్ట గారూ, సరిగ్గా 70తో బయల్దేరకండి. మనిషి చెమట పట్టి కిలో, కిలోమ్ముప్పావు దాకా తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. కిలోన్నర అదనంగా వేసుకోండి. అంతకు మించి వద్దు, గుర్రం మీద దయ ఉంచండి.

మరో కిటుకు చాలామంది గమనించరు. జీను కింది మెత్త చెమటా నీళ్లూ పీల్చుకుని బరువెక్కుతుంది. వెట్ గేట్ దగ్గర దాన్ని తీసి పొడిది వేస్తారు. అంతే, అరకిలోకు పైగా మాయం. పొడి మెత్తలతో తూచి సరిపోయేలా చూసుకోండి. తడి మెత్తను నమ్ముకుని లెక్క వేయకండి.

ఇంటి దగ్గర బాత్రూమ్ కాటా మీద కాకుండా బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా మీద తూచుకోండి.


కృష్ణకరకట్ట
నవంబర్ 24, రాత్రి 9:05

ఆలస్యానికి క్షమించండి, ఈ పది రోజులూ ఇదే పని.

జీను గుంటూరు నుంచి తెచ్చాను. బాబాయ్ గారూ, మీరే దగ్గరుండి మెత్తల్లో ఉన్ని సర్ది ఇచ్చినందుకు నా గుర్రం తరఫున కూడా నమస్కారం. వీపు మీద వేసి, మధ్య సందులోంచి తోక వైపు నుంచి చూస్తే వెలుతురు కనపడుతోంది. వెన్నెముకను ఎక్కడా తాకడం లేదు.

ఆటోనగర్‌లో సీసం రేకు కోసి ఇచ్చారు. అర కిలో ముక్కలు 22. ఒక్కోటి తూచి, మీద నంబరు రాసి, రెగ్జిన్ కవర్లలో కుట్టించాను. పక్కకు మూడేసి జేబులు: ముందు జేబులో నాలుగు, మధ్యలో నాలుగు, వెనక మూడు. పక్కకు పదకొండు ముక్కలు, రెండు పక్కలా కలిపి 11 కిలోలు. గుడ్డ, బకిల్స్ కలిపి 700 గ్రాములు. నేను 49, జీను 11. మొత్తం 71 కిలోల 700 గ్రాములు. మిర్చి బస్తాలు తూచే కాటా మీద రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అంతే వచ్చింది.

ఆదివారం తాతయ్యగారు వచ్చారు. గుర్రం ముందు నిలబడి ముందు దాని ముక్కు దగ్గర చేయి పెట్టారు, అది వాసన చూసే దాకా కదల్లేదు. తర్వాత జీను వేయించి, సీసం పెట్టించి, నన్ను ఎక్కమన్నారు. రెండు పక్కలా మెత్త అంచుల కింద వేళ్లు దూర్చి, ముందు నుంచి వెనక దాకా మెల్లగా జరిపారు. ఎడమ పక్క వెనక జేబు దగ్గర ఆగి, ఇక్కడ పట్టేసిందమ్మా అన్నారు. దించి చూస్తే కుట్టు మడత ఒకటి లోపలికి తిరిగి ఉంది. వేలు మందం కూడా లేదు. చూపు సరిగ్గా లేని మనిషికి దొరికింది, అందరం చూస్తూ కూడా మాకు దొరకలేదు.


జట్కా_మనవడు
నవంబర్ 24, రాత్రి 9:48

ఆ రోజు నుంచి మా ఇంట్లో మీ గుర్రం మాటే. ఇంటికొచ్చాక చాలాసేపు చేతులు కడుక్కోలేదు, గుర్రం వాసన పోతుందని.


మలక్‌పేట_జీనుపని
నవంబర్ 25, ఉదయం 7:10

ఆ మడత నా కుట్టుదే. పెద్దాయనకు నా నమస్కారం చెప్పండి. సంచి పంపించు తల్లీ, విప్పి బయటి వైపు నుంచి కుట్టిస్తాను.

ఇంకో మాట. 11 కిలోలూ రేపే పెట్టేయకు. వారం రోజులు నాలుగు కిలోలు, తర్వాత ఆరు, అలా పెంచు. ప్రతిసారీ రెండు పక్కలా సమానంగా.


డాక్టర్_తెనాలి
నవంబర్ 25, ఉదయం 8:25

అవును, మెల్లగా పెంచండి. బరువుతో ఉన్నప్పుడు నది ఇసుకలోకి మాత్రం దిగకండి. మెత్తటి లోతు ఇసుకలో కాలి స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ల) మీద భారం ఎక్కువ పడుతుంది, దానికి సీసం తోడైతే చీలమండ పైన వాపు వస్తుంది. కరకట్ట పక్క గట్టి మట్టి దారి చాలు. బరువు పెంచిన వారం వేగం పెంచవద్దు, వేగం పెంచిన వారం బరువు పెంచవద్దు.

ప్రతి రైడ్ తర్వాత జీను తీసిన వెంటనే చెమట గుర్తు చూడండి. అంతా తడిసి మధ్యలో ఎక్కడైనా పొడి మచ్చ ఉంటే అక్కడ నొక్కుకుపోతోందని అర్థం. గంట తర్వాత మళ్లీ చేయి వేసి చూడండి, వేడి, ఉబ్బు అప్పుడే తెలుస్తాయి. గుండె వేగం రాసి పెట్టుకోండి. పోటీలో నిమిషానికి 64కి దిగాలి. సీసం లేనప్పుడు ఎన్ని నిమిషాల్లో దిగుతోంది, ఉన్నప్పుడు ఎన్ని నిమిషాల్లో దిగుతోంది అన్న తేడాయే మీకు అసలు జవాబు చెబుతుంది.


కృష్ణకరకట్ట
డిసెంబర్ 29, రాత్రి 8:40

నెల రోజుల నోట్సు.

సీసం లేకుండా 25 కి.మీ. తర్వాత 64కి రావడానికి 4 నిమిషాలు. నాలుగు కిలోలతో 5 నిమిషాలు. ఎనిమిదితో మొదటి వారం 8 నిమిషాలు పట్టింది, భయమేసి మళ్లీ ఆరుకు దిగాను. పది రోజుల తర్వాత ఎనిమిదితో 6 నిమిషాలు. ఇప్పుడు 11 కిలోలతో 6 నిమిషాలు.

డిసెంబర్ 10న కుడి పక్క పొడి మచ్చ కనపడింది, రూపాయి బిళ్లంత. ముందు జేబు అంచు దగ్గర. ముందు జేబులోంచి ఒక ముక్క తీసి మధ్య జేబులో పెట్టాను, రెండు పక్కలా అలాగే. తర్వాత మచ్చ రాలేదు. దాణా పెంచాక ఇప్పుడు టేపు 362 చూపిస్తోంది.

తోక విసరడం లేదు. మొన్న మందడం దాటాక ఇంటి వైపు తిప్పగానే తనంతట తనే క్యాంటర్ (దౌడు) ఎత్తుకుంది. నేను ఆపాల్సి వచ్చింది.


అరండల్‌పేట_రైడర్
డిసెంబర్ 29, రాత్రి 9:15

ఎనిమిది నుంచి ఆరుకు దిగావు చూడు, అక్కడే నేను చేయలేనిది నువ్వు చేశావు. పోటీకి క్రూ కావాలంటే నేను వస్తాను. నీళ్లు మోయడం, జీను దించడం, సీసం లెక్క చూడటం నాకు వదిలెయ్యి.


కృష్ణకరకట్ట
ఫిబ్రవరి 2, రాత్రి 7:30

పూర్తి చేశాం.

పొద్దున నాలుగున్నరకు కాటా మీద 71.7. రెండో వెట్ గేట్ దగ్గర చెప్పాపెట్టకుండా తూచారు, 71.1. ఆఖర్న జీను భుజాన వేసుకుని కాటా ఎక్కేసరికి కాళ్లు నిలబడటం లేదు. 70.4. ఆ కిలోన్నర వేసుకోకపోయి ఉంటే అక్కడే ఆగిపోయేదాన్ని. తూకం గారూ, మీకు రుణపడి ఉన్నాను.

ఒక గండం గడిచింది. రెండో గేట్ దగ్గర తడి మెత్త మారుస్తూ తొందరలో ఎడమ పక్క జేబు బకిల్ సరిగ్గా పెట్టలేదు. అరండల్‌పేట అన్న నంబర్లు లెక్కపెడుతూ పదిహేడో నంబరు ముక్క లేదని పట్టుకున్నాడు. కింద గడ్డిలో పడి ఉంది. నంబర్లు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. తూకం సంగతి అలా ఉంచితే, ఒక పక్క అర కిలో తేడాతో చివరి 25 కి.మీ. నడిచేది నా గుర్రం.

ఆఖరి వెట్ చెక్‌లో గుండె 58. వీపుకు ఏ గ్రేడ్ ఇచ్చారో కాగితం చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. 'A' వచ్చింది, అంటే ఏ లోపమూ లేదు.


మలక్‌పేట_జీనుపని
ఫిబ్రవరి 3, ఉదయం 6:45

చాలా సంతోషం తల్లీ. రెండు రోజులాగి కూడా వీపు చూడాలి. కొన్ని వాపులు మూడో రోజుకు బయటపడతాయి.


కొత్తపేట_పోనీ
ఫిబ్రవరి 3, మధ్యాహ్నం 1:20

నమస్కారం అక్కా, మాది గుంటూరు కొత్తపేట. నేను 44 కిలోలు. మార్చిలో ఒక పోటీకి 60 కిలోలు కావాలి. జీను 6 కిలోలు. పది తక్కువ. మీ సీసం సంచి ఒక నెల ఇస్తారా?


కృష్ణకరకట్ట
ఫిబ్రవరి 4, రాత్రి 8:00

బాబాయ్ గారూ, ఇవాళ మూడో రోజు. పొద్దున తాతయ్యగారే వచ్చి చూశారు. మూపు నుంచి నడుము దాకా అరచేత్తో నొక్కుకుంటూ వెళ్లారు. ఎక్కడా చర్మం వణకలేదు, వీపు వంచలేదు. తంగు దగ్గర మాత్రం కొంచెం వెంట్రుక రాలింది, కొబ్బరినూనె రాశాం.

చెల్లీ, ముక్కలు తీసుకెళ్లు. సంచి మాత్రం నా గుర్రం భుజానికి కొలిచి కుట్టింది, మీ గుర్రానికి కుదరదు. వచ్చేటప్పుడు గుర్రం ముందుకాలు ముందుకు లాగి, భుజం ఎముక ఎక్కడిదాకా వస్తోందో సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీసుకురా. ఆదివారం పొద్దున ఆరింటికి కరకట్ట దగ్గర ఉంటాను. తాతయ్యగారు కూడా వస్తానన్నారు.

ఇరవై రెండు ముక్కలూ డబ్బాలో వరసగా సర్దాను. నీకు అదనంతో కలిపి ఇరవై మూడు కావాలి, గుడ్డ బరువు తీసేస్తే ఇరవై రెండు సరిపోతాయి. పదిహేడో నంబరు కవరు ఒక మూల చిరిగింది, దాన్ని రేపు కుట్టిస్తాను.